అయోర్టిక్ వాల్వ్ సన్నబడితే: ఆగడమా, ఆపరేషనా, టావీనా?

టూడీ ఎకో రిపోర్టులో ‘సివియర్ ఏఎస్’ (అయోర్టిక్ స్టినోసిస్, అంటే అయోర్టిక్ వాల్వ్ తీవ్రంగా సన్నబడటం) అన్న మాట కనబడగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే: కోత లేకుండా, టావీతో (గజ్జలోని రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పెట్టడం) అయిపోతుందా? అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఇవాళ పెట్టించుకునే వాల్వ్ పాడయ్యే నాటికి మనిషి వయసెంత ఉంటుంది, అప్పటికి ఏ దారి మిగిలి ఉంటుంది? 82 ఏళ్ల పెద్దాయనకు ఈ లెక్కతో పెద్దగా పనిలేదు. 58 ఏళ్ల ఆమెకు మాత్రం అసలు ప్రశ్న ఇదే. కింది పోలికలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది

గుండె ఎడమ గది నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని మొదట్లో అయోర్టిక్ వాల్వ్ ఉంటుంది. మామూలుగా దీనికి మూడు పలచటి రెక్కలు. పూర్తిగా తెరుచుకుంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల దారి ఏర్పడుతుంది. రెక్కలు బిరుసెక్కి ఆ దారి 1 చదరపు సెంటీమీటరు కన్నా తగ్గితే తీవ్రంగా సన్నబడినట్టు లెక్క. అంత చిన్న సందులోంచి రక్తాన్ని నెట్టడానికి ఎడమ గది గోడ మందమవుతుంది. కొన్నేళ్లు అలాగే నెట్టుకొస్తుంది, తర్వాత అలసిపోతుంది. జబ్బు చాలాకాలం బయటపడకుండా ఉండి, ఒక్కసారిగా ముదిరినట్టు అనిపించేది అందుకే.

కారణాలు ముఖ్యంగా మూడు. కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది కాబట్టి మీది ఏదో డాక్టరును అడిగి రాసుకోండి. ఒకటి, వయసు పైబడ్డాక రెక్కల మీద కాల్షియం పేరుకోవడం. పాలు, పెరుగు మానేసినంత మాత్రాన ఇది కరగదు. రెండు, పుట్టుకతోనే మూడింటికి బదులు రెండే రెక్కలుండటం. నూటికి ఒకరిద్దరిలో ఇది ఉంటుంది. వీళ్లకు పదీ ఇరవై ఏళ్లు ముందుగానే వాల్వ్ పాడవుతుంది. చాలామందిలో దాని పైనున్న ధమని కూడా ఉబ్బుతుంది. తోబుట్టువులకూ పిల్లలకూ ఒకసారి ఎకో తీయించడం మంచిది. మూడు, చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరం. రెక్కల అంచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇందులో మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) కూడా దెబ్బతిని ఉండటం మామూలే. పాశ్చాత్య దేశాల్లో ఈ మూడోది అరుదైపోయింది, మన దగ్గర ఇంకా కనిపిస్తోంది. అక్కడి సలహాలను ఇక్కడ గుడ్డిగా వాడకూడదనడానికి ఇదొక్కటి చాలు.

రిపోర్టులో చూడాల్సిన అంకెలు

| | తక్కువ | మధ్యస్థం | తీవ్రం |
|---|---|---|---|
| రక్తం దూకే వేగం (సెకనుకు మీటర్లు) | 2 – 2.9 | 3 – 3.9 | 4, అంతకన్నా ఎక్కువ |
| సగటు గ్రేడియంట్, అంటే వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా (మి.మీ. పాదరసం) | 20 లోపు | 20 – 39 | 40, అంతకన్నా ఎక్కువ |
| వాల్వ్ వైశాల్యం (చ.సెం.మీ.) | 1.5 పైన | 1 – 1.5 | 1 లోపు |
| మళ్లీ ఎకో ఎప్పుడు | 3 – 5 ఏళ్లకు | 1 – 2 ఏళ్లకు | 6 – 12 నెలలకు |

రిపోర్టులో గ్రేడియంట్లు రెండు ఉంటాయి: పీక్ (గరిష్ఠం), మీన్ (సగటు). చూడాల్సింది మీన్. పీక్ 64 అని చూసి కంగారుపడేవాళ్లు ఎక్కువ. వేగం 4 మీటర్లు ఉన్నప్పుడు పీక్ గ్రేడియంట్ 64 రావడం లెక్క ప్రకారం సహజం (వేగాన్ని వేగంతో హెచ్చించి, దాన్ని నాలుగు రెట్లు చేస్తారు). అదే మనిషికి సగటు సుమారు 40 ఉంటుంది.

అంకెలు ఒకదానికొకటి పొసగకపోవడం కూడా తరచు జరిగేదే. వైశాల్యం 0.8 అని ఉంటుంది, గ్రేడియంట్ మాత్రం 28. దీనికి రకరకాల కారణాలుంటాయి. గుండె బలహీనపడి రక్తాన్ని గట్టిగా నెట్టలేకపోవచ్చు. ఎకో తీసిన రోజు బీపీ బాగా ఎక్కువగా ఉండి ఉండొచ్చు. మనిషే సన్నగా, పొట్టిగా ఉండొచ్చు. 40 కిలోల బామ్మకు 0.9 వైశాల్యం ఆమె ఒంటికి సరిపోతున్నదే కావచ్చు. అందుకే వైశాల్యాన్ని ఒంటి పరిమాణంతో భాగించి చూస్తారు: చదరపు మీటరుకు 0.6 కన్నా తక్కువైతే తీవ్రం. అప్పటికీ తేలకపోతే పరీక్షలు రెండు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు డోబుటమిన్ మందు ఎక్కిస్తూ ఎకో తీస్తారు. రెండోది కాంట్రాస్ట్ (రక్తంలోకి ఎక్కించే రంగు మందు) లేకుండా సీటీ తీసి వాల్వ్ మీది కాల్షియాన్ని కొలవడం. మగవాళ్లలో స్కోరు 2000, ఆడవాళ్లలో 1200 దాటితే తీవ్రమైనదే అనుకోవచ్చు. రిపోర్టులో అంకెలు ఇలా తిరకాసుగా ఉన్నప్పుడు, ఈ పరీక్షలేవీ చేయకుండానే ‘మోడరేట్, ఆరు నెలల తర్వాత రండి’ అని పంపిస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

ఎంపికను తేల్చేవి

మొదటిది లక్షణాలు. నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు, శ్రమ చేసినప్పుడు కళ్లు తిరగడం లేదా స్పృహ తప్పడం. తీవ్రంగా సన్నబడిన వాల్వుతో ఇవి మొదలయ్యాక చికిత్స లేకుండా వదిలేస్తే ఆయుష్షు సగటున రెండు మూడేళ్లకు, మహా అయితే ఐదేళ్లకు కుదించుకుపోతుందని 1968 నుంచీ తెలుసు. రెండోది వయసు, అంతకన్నా ముఖ్యంగా ముందున్న ఏళ్లు. మూడోది శరీర నిర్మాణం: రెక్కలు రెండా మూడా, వాల్వ్ వలయం ఎంత, గజ్జల్లోని రక్తనాళాలు ఎలా ఉన్నాయి, గుండె రక్తనాళాలు వాల్వుకు ఎంత ఎత్తులో మొదలవుతున్నాయి. నాలుగోది, జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటూ నెలనెలా రక్తపరీక్ష చేయించుకోగలరా అన్నది. ఐదోది, వాల్వుతో పాటు సరిచేయాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా అని: యాంజియోగ్రామ్‌లో బ్లాకులు, ఉబ్బిన ధమని, మైట్రల్ వాల్వ్. ఆరోది డబ్బు, దూరం. దీన్ని చివర్న పెట్టాం గానీ చాలా ఇళ్లలో ముందు తేలేది ఇదే.

ఆగి చూడటం

మధ్యస్థంగా ఉంటే ఆగడమే సరైనది. మధ్యస్థ దశకు చేరాక వేగం ఏడాదికి సుమారు 0.3 మీటర్ల చొప్పున పెరుగుతుంది. కొందరిలో ఇంకా తొందరగా. కాబట్టి వేగం 3.7 ఉన్నవాళ్లు రెండేళ్లు ఎకో మానేయడం పెద్ద పొరపాటు.

దీన్ని తగ్గించే మాత్ర ఇప్పటివరకూ లేదు. కొలెస్ట్రాల్ మందులు వాల్వును కాపాడతాయేమోనని పెద్ద పరీక్షలే చేశారు, ఫలితం రాలేదు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటే వాటిని అందుకోసం వాడాల్సిందే, వాల్వ్ కోసం మాత్రం కాదు. ‘కాల్షియం కరిగించే’ పసర్లు, చూర్ణాలు అమ్మేవాళ్ల దగ్గర పోయేది డబ్బొక్కటే కాదు, వైద్యానికి అక్కరకొచ్చే నెలలు కూడా.

ఆగే కాలంలో మందుల విషయంలో రెండు జాగ్రత్తలు. ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేయడం మన ఇళ్లలో అలవాటు. వాల్వ్ తీవ్రంగా సన్నబడినవాళ్లకు దానితో బీపీ పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు. రెండోది, వాల్వ్ జబ్బు ఉందని బీపీ మాత్రలు మానేయకూడదు. బీపీ పెరిగితే గుండె మీద భారం రెట్టింపు. మాత్రలు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కంటి ఆపరేషనో, మోకాలి ఆపరేషనో చేయించుకునేటప్పుడు మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. వెన్నులో ఇచ్చే మత్తుతో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

తీవ్రంగా ఉన్నా లక్షణాల్లేనివాళ్లు ఆగవచ్చా? ఇక్కడే ఆలోచన మారుతోంది. ‘నాకేం లేదు’ అనేవాళ్లలో చాలామంది తమకు తెలియకుండానే నడక తగ్గించుకుని ఉంటారు. గుడి మెట్లెక్కడం మానేసి రెండేళ్లయి ఉంటుంది, దాన్ని వయసు ఖాతాలో వేసేస్తారు. అందుకే డాక్టరు పక్కనుండగా ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. దానిమీద ఆయాసమొచ్చినా, బీపీ పడిపోయినా లక్షణాలున్నట్టే. లక్షణాలు ముందే ఉన్నవాళ్లకు మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. గుండె పంపింగ్ 50 శాతం కన్నా తగ్గినా, వేగం 5 మీటర్లు దాటినా లక్షణాల కోసం ఎదురుచూడరు. 2024లో వెలువడిన ఎర్లీ టావర్ అనే వైద్య పరిశోధనలో, లక్షణాల్లేని తీవ్ర జబ్బున్న 65 ఏళ్లు దాటినవాళ్లకు ముందే టావీ చేస్తే మరణం, పక్షవాతం, అనుకోకుండా ఆసుపత్రిలో చేరడం – ఈ మూడూ కలిపి 26.8 శాతం. ఆగినవాళ్లలో 45.3 శాతం. ఆ తేడాలో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరడం వల్ల వచ్చిందే తప్ప మరణాల వల్ల కాదు. కాబట్టి ఆగడం తప్పేమీ కాదు, కాకపోతే ఆరు నెలలకోసారి ఎకోకు కచ్చితంగా వెళ్లేవాళ్లకే అది పనికొస్తుంది.

ఛాతీ తెరిచి మెకానికల్ వాల్వ్

రొమ్ము ఎముక కోసి, గుండెను కాసేపు ఆపి, హార్ట్ లంగ్ మెషిన్ మీద పెట్టి, చెడిన రెక్కలు పూర్తిగా తీసేసి కొత్త వాల్వును కుట్టేస్తారు. ఆసుపత్రిలో వారం, ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు. అప్పటిదాకా బరువులెత్తకూడదు, బండి నడపకూడదు.

మెకానికల్ వాల్వులను ఎక్కువగా కార్బన్‌తో చేస్తారు. అరగదు, మామూలుగా జీవితాంతం ఉంటుంది. దేశంలోనే తయారయ్యే చిత్రా వాల్వును తిరువనంతపురంలోని శ్రీ చిత్రా తిరునాళ్ సంస్థ రూపొందించింది. 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. ధర తక్కువ కావడం వల్ల చాలామందికి అందుబాటులోకి వచ్చింది.

దీని మూల్యం రక్తం పలచబరిచే మాత్ర. మన దగ్గర ఎక్కువగా రాసేవి ఎసిట్రామ్, వార్ఫ్ (వార్ఫరిన్). అయోర్టిక్ స్థానంలో ఇప్పటి రెండు రెక్కల మెకానికల్ వాల్వుకు, వేరే ప్రమాదాలేవీ లేకపోతే, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే రక్తపరీక్ష అంకె) 2 నుంచి 3 మధ్య ఉండాలి. గుండె లయ తప్పడం వంటివి ఉంటే ఇంకొంచెం ఎక్కువ. మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి పరీక్ష. సరిగ్గా వాడుకున్నా ఏటా నూటికి ఒకరిద్దరికి పెద్ద రక్తస్రావమో, గడ్డకట్టడమో జరుగుతుంది. చాలావరకు ఇబ్బందులొచ్చేది కింది నాలుగు చోట్ల:

- ఆకుకూరలు. మునగాకు, పాలకూర, తోటకూర, గోంగూరల్లో విటమిన్ కె ఉంటుంది. మానేయమని కాదు, ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తింటే ఐఎన్ఆర్ పైకీ కిందికీ ఊగుతుంది. వారానికి ఎన్నిసార్లు తింటారో అన్నిసార్లే తింటూ ఉండాలి.
- మోకాలి నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫినాక్ సూది. రక్తస్రావానికి ఇది సూటి దారి. ఈ మాత్ర వాడేవాళ్లకు కండలోకి ఏ సూదైనా అక్కడ రక్తం గూడుకట్టేలా చేయవచ్చు. జ్వరానికి పారాసెటమాల్ చాలు.
- పన్ను పీకించుకోవాలని సొంతంగా వారం రోజులు మాత్ర ఆపేయడం. వాల్వ్ మీద గడ్డకట్టి రెక్క బిగుసుకుపోయేది ఇలాగే. రోజూ వినబడే ‘టిక్’ శబ్దం మందగించి ఆయాసం మొదలైతే అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. ఎక్స్‌రే తెర మీద రెక్కల కదలిక చూసి చెప్పేస్తారు.
- ‘పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలకు మారండి’ అన్న సలహా. మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకు డాబిగాట్రాన్, అపిక్సబాన్ వంటివి పనికిరావు. రెండింటి మీదా పరీక్షలు మొదలుపెట్టి, గడ్డలు కట్టడం చూసి మధ్యలోనే ఆపేశారు.

ఇంకో సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు. మెకానికల్ వాల్వ్ ఎప్పుడైనా చెడితే దాని లోపల టావీ పెట్టడం కుదరదు. మళ్లీ ఛాతీ తెరవాల్సిందే.

ఛాతీ తెరిచి టిష్యూ వాల్వ్

ఆపరేషన్ అదే, వాల్వ్ వేరు. ఆవు గుండె చుట్టూ ఉండే పొరతోనో, పంది వాల్వుతోనో చేస్తారు. ఈ విషయం ముందే తెలియాలని కోరుకునే కుటుంబాలు ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి. టావీ వాల్వులన్నీ కూడా ఇలాంటి పొరలతో చేసినవే. జంతు సంబంధమేదీ వద్దనుకుంటే చాలామందికి మిగిలేది మెకానికల్.

లాభం, జీవితాంతం ఐఎన్ఆర్ బెడద ఉండదు. కొందరు సర్జన్లు మొదటి 3 నెలలు పలచబరిచే మాత్ర ఇస్తారు, తర్వాత తక్కువ మోతాదు ఆస్పిరిన్. నష్టం, 10 నుంచి 15 ఏళ్లలో అరుగుతుంది. వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా. డయాలసిస్ మీదున్నవాళ్లలో మరీ త్వరగా.

టిష్యూ వాల్వ్ అరిగాక దాని లోపలే టావీ పెట్టవచ్చు. ‘ఇప్పుడు టిష్యూ, తర్వాత టావీ’ అన్న మాట మీరు విని ఉంటారు. ఆ మాట నిజం కావాలంటే మొదటి వాల్వ్ తగినంత పెద్దదై ఉండాలి. 19 మి.మీ. వాల్వ్ లోపల ఇంకో వాల్వ్ దూరిస్తే మిగిలే దారి మళ్లీ సన్నదే. మన ఆడవాళ్లలో వాల్వ్ వలయం చిన్నదిగా ఉండటం ఎక్కువ కాబట్టి సర్జన్‌ను ముందే అడగండి: ఏ సైజు పడుతుందనుకుంటున్నారు, చిన్నదైతే వలయాన్ని వెడల్పు చేసి పెద్దది పెడతారా? ఆపరేషన్ అయ్యాక వాల్వ్ పేరు, సైజు రాసిన కార్డును ఆధార్ కార్డంత జాగ్రత్తగా దాచుకోండి. పన్నెండేళ్ల తర్వాత ఎవరైనా మొదట అడిగేది దాన్నే.

టావీ

2002లో ఫ్రాన్స్‌లోని రూవాన్‌లో గుండె డాక్టరు అలాన్ క్రిబియే మొదటిసారి చేశారు. గజ్జలోని ధమని గుండా వైరు పంపి, ముడిచిన వాల్వును పాత వాల్వ్ మధ్యకు తీసుకెళ్లి తెరుస్తారు. పాత రెక్కలను తీయరు, గోడకు నొక్కేస్తారు. బెలూన్‌తో తెరిచే రకమైతే ఆ కొన్ని క్షణాలు గుండెను నిమిషానికి 180 సార్లకు పైగా కొట్టుకునేలా చేస్తారు, వాల్వ్ జారిపోకుండా. రెండో రకం తనంతట తానే విచ్చుకుంటుంది. చాలామందికి పూర్తి మత్తు అవసరం ఉండదు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారు.

బెలూన్ రకంలో సాపియన్, గుజరాత్‌లోని వాపిలో తయారయ్యే మైవాల్ ఉన్నాయి. విచ్చుకునే రకంలో ఎవోల్యూట్ ఎక్కువగా తెలిసినది. మైవాల్ మిగతా రెండింటికీ తీసిపోదని 2024లో ల్యాండ్‌మార్క్ పరీక్ష తేల్చింది. మన దేశపుది కదా, తక్కువ రకమేమో అన్న అనుమానానికి ఇక ఆధారం లేదు. మైవాల్‌కు మధ్యస్థ సైజులు (21.5, 24.5, 27.5 మి.మీ. వంటివి) ఉండటం కూడా ఒక సౌకర్యం. వలయం చిన్నగా ఉన్నవాళ్లలో విచ్చుకునే రకానికి గ్రేడియంట్ తక్కువగా వస్తుంది, కాబట్టి సైజు విషయం ఇక్కడా అడగాల్సిందే.

ఎక్కడ తేడా వస్తుందంటే, మొదట పేస్‌మేకర్. వాల్వ్ పక్కనే గుండె కరెంటు తీగలు పోతుంటాయి, నొక్కుడుకు అవి దెబ్బతింటాయి. తక్కువ ప్రమాదమున్న రోగుల మీద 2019లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో, నెల తిరిగేసరికి బెలూన్ రకంలో నూటికి ఆరేడుగురికి, విచ్చుకునే రకంలో పదిహేడుగురికి పేస్‌మేకర్ పడింది. ఈసీజీలో ముందే రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కుడివైపు కరెంటు తీగలో అడ్డంకి) ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. వాళ్లు పేస్‌మేకర్ ఖర్చునూ బడ్జెట్‌లో వేసుకోవాలి. రెండోది, పాత కాల్షియం గడ్డల సందుల్లోంచి వాల్వ్ పక్కగా కారడం. మూడోది గజ్జలో రక్తనాళం చినగడం. ఆ నాళం 5 – 6 మి.మీ. కన్నా సన్నగా ఉంటే ఆ దారిన వెళ్లడం కష్టం. నాలుగోది పక్షవాతం. ఈ ప్రమాదం ఆపరేషన్‌లో కూడా ఉంటుంది.

ఇవన్నీ ముందే అంచనా వేసేది కాంట్రాస్ట్ సీటీ. టావీ నిర్ణయంలో సగం ఈ పరీక్షలోనే ఉంటుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, కాంట్రాస్ట్ మోతాదు తగ్గించి తీస్తారు.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. టావీ వాల్వ్ అరిగాక? దాని లోపల ఇంకో టావీ పెట్టవచ్చు, అందరికీ కాదు. మొదటి వాల్వ్ రెక్కలు గోడకు నొక్కుకుపోయి గుండె రక్తనాళాల ముఖద్వారాలను మూసేసే ప్రమాదం ఉంటుంది. తర్వాత స్టెంట్ వేయాల్సివస్తే వైరు దూరడమూ కష్టమే. ఛాతీ తెరిచి టావీ వాల్వును పీకేయడం మామూలు వాల్వ్ ఆపరేషన్ కన్నా ప్రమాదకరం. 62 ఏళ్లకు కోత తప్పించుకుని, 74 ఏళ్లకు అంతకన్నా పెద్ద కోతకు సిద్ధపడాల్సి రావచ్చన్నమాట.

రెండు చిన్న దారులు

బెలూన్‌తో సాగదీయడం పెద్దవాళ్లలో తాత్కాలికమే. ఆరు నెలల నుంచి ఏడాదిలో మళ్లీ సన్నబడుతుంది. ఐసీయూలో ఉన్న మనిషిని అసలు చికిత్సదాకా లాక్కురావడానికి వాడతారు. పుట్టుకతో సన్నగా ఉన్న చిన్నపిల్లల్లో మాత్రం ఇదే మొదటి చికిత్స, బాగా పనిచేస్తుంది. రెండోది రాస్ ఆపరేషన్: రోగి సొంత పల్మనరీ వాల్వును (ఊపిరితిత్తులకు వెళ్లే దారిలోనిది) తీసి అయోర్టిక్ స్థానంలో పెట్టి, దాని చోట దానం ద్వారా వచ్చిన వాల్వ్ పెట్టడం. యువతకు మంచి ఫలితాలున్నాయి, మాత్రలూ అక్కర్లేదు. అయితే ఇది తరచూ చేసే సర్జన్ల చేతిలోనే చేయించుకోవాలి. అలాంటివాళ్లు కొద్దిమందే.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | మెకానికల్ | టిష్యూ (ఆపరేషన్) | టావీ |
|---|---|---|---|
| మన్నిక | జీవితాంతం | 10 – 15 ఏళ్లు | టిష్యూ లాంటిదే, 15 ఏళ్ల అనుభవం ఇంకా తక్కువ |
| రక్తం పలచబరిచే మాత్ర | జీవితాంతం, ఐఎన్ఆర్‌తో | కొన్ని నెలలు లేదా అక్కర్లేదు | అక్కర్లేదు, చాలామందికి ఆస్పిరిన్ ఒక్కటే |
| కోలుకోవడం | 6 – 8 వారాలు | 6 – 8 వారాలు | వారం, పది రోజులు |
| పేస్‌మేకర్ అవసరం | తక్కువ | తక్కువ | ఎక్కువ |
| బైపాస్, ధమని మరమ్మతు ఒకేసారి | కుదురుతుంది | కుదురుతుంది | కుదరదు |
| చెడితే తర్వాత | మళ్లీ ఆపరేషన్ | లోపల టావీ (సైజును బట్టి) | కొందరికి లోపల టావీ, లేదా కష్టమైన ఆపరేషన్ |

గుండె లయ తప్పి (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ముందే పలచబరిచే మాత్ర వాడుతున్నవాళ్లకు రెండో వరుస వర్తించదు. వాళ్లు ఏ వాల్వ్ పెట్టించుకున్నా మాత్ర కొనసాగించాల్సిందే.

ఎవరికి ఏది

వయసు గీతలు దేశదేశానికీ కొంచెం మారుతాయి. అమెరికా 2020 మార్గదర్శకాలు 65 లోపు ఆపరేషన్, 80 దాటితే టావీ, మధ్యలో చర్చించి నిర్ణయం అంటాయి. యూరప్ 2021లో టావీకి 75 అని గీత గీసి, 2025లో దాన్ని 70కి దించింది. 50 లోపు మెకానికల్, 65 దాటితే టిష్యూ అన్నదాని మీద పెద్దగా తేడా లేదు. అమెరికాలో ఉన్న పిల్లలు ‘ఇక్కడ అందరికీ టావీయే చేస్తున్నారు నాన్నా’ అంటే, ఏ వయసువాళ్లకు అని అడగండి.

28 ఏళ్ల ఆమె, పిల్లలు కావాలి. ఇదే అన్నింటికన్నా కష్టమైన నిర్ణయం. మెకానికల్ పెడితే గర్భం 6 నుంచి 12 వారాల మధ్య వార్ఫరిన్, ఎసిట్రామ్ వల్ల బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. హెపారిన్ సూదులకు మారితే తల్లి వాల్వ్ మీద గడ్డకట్టే భయం. అందుకే చాలామంది టిష్యూ వైపు మొగ్గుతారు. మళ్లీ 38 – 40 ఏళ్లకు ఇంకో ఆపరేషన్ తప్పదని తెలిసి మరీ. రాస్ ఆపరేషన్ గురించి అడగాల్సింది వీళ్లే. ఏదైనా సరే, గర్భానికి ముందే తేల్చుకోవాలి. తీవ్రంగా సన్నబడి లక్షణాలున్న వాల్వుతో గర్భం ప్రమాదం.

45 ఏళ్ల రైతు. వయసును బట్టి మెకానికల్ అనే చెబుతారు. కానీ ఐఎన్ఆర్ చేసే ల్యాబ్ ఊరికి ఎంత దూరం? పురుగుమందు కొట్టే రోజుల్లో, కోతల కాలంలో పరీక్షకు వెళ్తారా? చెట్లెక్కడం, గొడ్డలి పని ఉంటుందా? ఇవి నిజాయతీగా చెప్పుకుంటే కొందరికి టిష్యూ వాల్వే క్షేమం. ఐఎన్ఆర్ చూసుకోలేని మెకానికల్ వాల్వ్ కన్నా పదేళ్లలో అరిగే టిష్యూ వాల్వ్ మేలు. సర్జన్లలో కొందరు వయసు ఒక్కటే చూసి నిర్ణయం చెప్పేస్తారు. ల్యాబ్ దూరం గురించి మీరే ప్రస్తావించండి.

62 ఏళ్లు, షుగరు, మూడు రక్తనాళాల్లో బ్లాకులు. ఒకే ఆపరేషన్‌లో బైపాస్, వాల్వ్. ఇక్కడ తటపటాయించాల్సిందేమీ లేదు.

రెండు రెక్కల వాల్వ్, పైన ధమని 4.7 సెం.మీ. ఆపరేషనే. వాల్వ్ కోసం ఛాతీ తెరిచినప్పుడు ధమని 4.5 దాటి ఉంటే దాన్ని కూడా మార్చడం మంచిదంటారు. టావీని నిలబెట్టిన పెద్ద పరీక్షల్లో రెండు రెక్కలవాళ్లను చేర్చుకోలేదన్నది గుర్తుంచుకోవాలి.

రుమాటిక్ జబ్బు, మైట్రల్ కూడా పాడైంది. ఇక్కడా ఆపరేషనే. రెక్కల మీద టావీ వాల్వును పట్టి ఉంచేంత కాల్షియం ఉండకపోవచ్చు, పైగా రెండో వాల్వ్ అలాగే మిగిలిపోతుంది. వాల్వ్ మార్చాక కూడా మూడు వారాలకోసారి ఇచ్చే 12 లక్షల యూనిట్ల పెన్సిలిన్ సూది ఆపకూడదు. కొత్త వాల్వ్ వచ్చింది కదా అని మానేస్తే మిగతా వాల్వుల మీద జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

73 ఏళ్లు, ఆరోగ్యంగా ఉన్నారు, మూడు రెక్కలే, బ్లాకుల్లేవు, గజ్జ నాళాలు బాగున్నాయి. రెండూ సరైనవే. డబ్బు ఇబ్బంది లేకపోతే టావీ వైపు మొగ్గు. ఉంటే ఆపరేషన్‌కు వెళ్లినందుకు ఏమీ పోగొట్టుకోరు.

84 ఏళ్లు, బలహీనంగా ఉన్నారు. టావీ. మంచం దిగలేని స్థితి, ముదిరిన మతిమరుపు, కాన్సర్ చివరి దశ వంటివి ఉంటే మాత్రం ఏ వాల్వూ ఆయుష్షును గానీ సుఖాన్ని గానీ పెంచకపోవచ్చు. ఆయాసం తగ్గించే మందులతో ఇంట్లోనే ఉంచుకోవడం కూడా ఒక చికిత్సే, దానికి పిల్లలు తప్పు చేసినట్టు బాధపడక్కర్లేదు.

కారణం తెలియని రక్తహీనత ఉన్న పెద్దవాళ్ల విషయం ఇంకొకటి. సన్నబడిన వాల్వ్ వల్ల పేగుల్లోని చిన్న నాళాల నుంచి రక్తం కారే జబ్బు ఒకటుంది. ఎండోస్కోపీలు చేయించి విసిగిపోయినవాళ్లకు వాల్వ్ మార్చాకే రక్తం నిలబడుతుంది. ఇలాంటివాళ్లకు మెకానికల్ వద్దని వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు, పథకాలు

ఛాతీ తెరిచి వాల్వ్ మార్చే ఆపరేషన్ తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉంది. పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచీ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. హైదరాబాద్ నిమ్స్ ప్రభుత్వ సంస్థ, తిరుపతి స్విమ్స్ టీటీడీ నెలకొల్పినది.

టావీలో వాల్వ్ ధరే లక్షల్లో ఉంటుంది, మొత్తం బిల్లు ఆపరేషన్‌కయ్యేదానికి కొన్ని రెట్లు. పథకంలో గానీ బీమాలో గానీ ఎంత వస్తుందో ఆరోగ్యమిత్ర దగ్గర, బీమా డెస్కు దగ్గర సీటీ తీయించుకునే ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అంచనా కాగితంలో పేస్‌మేకర్, రక్తనాళం చినిగితే చేసే చికిత్స, అదనపు ఐసీయూ రోజులు కలిపారో లేదో చూడండి. పొలం అమ్మి టావీకి వెళ్లాలనుకునే ముందు ఒకసారి సర్జన్‌తో కూడా మాట్లాడండి. కార్డియాలజిస్టు, సర్జన్ ఇద్దరూ కలిసి కూర్చుని సలహా చెప్పే ఆసుపత్రి అయితే మరీ మంచిది.

వెళ్లేటప్పుడు అడగాల్సినవి

ఎకో సీడీ, ఈసీజీ, క్రియాటినిన్, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. అక్కడ అడగాల్సినవి: నా వాల్వుకు రెక్కలు రెండా మూడా? వలయం ఎంత, ఏ సైజు వాల్వ్ పడుతుంది? ఈ వాల్వ్ అరిగితే తర్వాత ఏం చేస్తారు, నా నిర్మాణానికి అది కుదురుతుందా? ఈ ఆసుపత్రిలో ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తున్నారు? ఆపరేషన్ అయిన నెలరోజుల్లోపు నా ప్రాణానికి ప్రమాదం నూటికి ఎంత?

అన్నిటికన్నా ముందు పళ్ల డాక్టరును కలవండి. పుచ్చిన పళ్లు, చిగుళ్ల చీము ఉంటే వాల్వ్ పెట్టకముందే బాగుచేయించుకోవాలి. కొత్త వాల్వ్ మీద సూక్ష్మజీవులు చేరితే ఆరు వారాల యాంటీబయాటిక్ సెలైన్లు, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్. వాల్వ్ పెట్టాక పన్ను పీకించినా, చిగుళ్లకు సంబంధించిన పని చేయించినా అరగంట నుంచి గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ వేసుకోవాలి. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందు రాస్తారు.